కంటికి చూపి కాలుచేతులకు నేర్పు చికిత్స

రెక్కాడితే గాని డొక్కాడదను సామెత శ్రమజీవుల నోట పుట్టినది. నాగలి పట్టినను, కొడవలి పట్టినను, మగ్గము ముందు కూర్చున్నను, గేదె పాలు పితికినను, కాలుచేతులు సరిగా ఆడిననే ఇల్లు గడచును. అట్టి చేయి ఒకనాడు పక్షవాతముచే పడిపోయినను, యంత్రములో చిక్కి తెగిపోయినను, లేక ముదిమిలో అడుగు సాగక కాలు నిలిచిపోయినను, ఆ కష్టము ఒక్క మనిషితో పోదు. అతనిని కనిపెట్టుకొని యుండుటకు ఇంటిలో మరియొకరు పని మానవలసి వచ్చును. ఒకరి జబ్బు ఇద్దరి కూలిని తీసివేయును.

ప్రాణమును దక్కించుట వైద్యములో మొదటి భాగము. దక్కిన ప్రాణికి తన పని తాను చేసికొను శక్తిని మరల కల్పించుట రెండవ భాగము. ఈ రెండవ భాగమునే అంగ పునరుద్ధరణ చికిత్స యందురు. 2019 నాటి లెక్కలను బట్టి, ప్రపంచమున సుమారు 240 కోట్ల మంది ఈ చికిత్స వలన మేలు పొందదగిన స్థితిలో నున్నారు. అనగా ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరన్నమాట.

ఇటీవల ఈ చికిత్సలో ఆగ్‌మెంటెడ్ రియాలిటీ అను నూతన సాధనము ప్రవేశించినది. ఎదుట నున్న నిజమైన దృశ్యమునకు యంత్రము మరికొంత చేర్చి చూపును గనుక, దీనిని మనము చేర్పు దృశ్యమని పిలుచుకొందము. అది యెట్లు పనిచేయును, ఎవరికి ఎంతవరకు ఉపకరించును, ఎక్కడ ఉపకరింపదు, ఇందు గ్రామ పంచాయతీకి గల పని యేమి అను విషయములను వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

చెడినది చేయి కాదు

పక్షవాతము వచ్చిన మనిషి చేయి ఆడకపోవుట చూచి, చాలమంది ఆ చేతికే ఏదో జబ్బు చేసినదని తలంతురు. నిజమునకు చేతి కండరములు, ఎముకలు, కీళ్లు తొలినాళ్లలో చెక్కుచెదరవు. మెదడులోని రక్తనాళము గడ్డతో పూడుకొనుటచేత గాని, చిట్లుటచేత గాని, చేతికి ఆజ్ఞలు పంపు మెదడు భాగము దెబ్బ తినును. ఆజ్ఞ రాదు గనుక చేయి కదలదు.

దీనికి మన యెరుకలో నున్న పోలికయే కలదు. వరదకు కల్వర్టు కొట్టుకొనిపోయి ఊరికి బస్సు రాకపోయిన యెడల, జనులు పొలము గట్టు వెంట నడచుట మొదలుపెట్టుదురు. మొదటి దినమున అది కేవలము గట్టు. నెల దినములు పదిమంది త్రొక్కిన తరువాత అది కాలిబాట యగును. పిమ్మట సైకిలు కూడ పోవును. మెదడును ఇట్లే చేయును. దెబ్బతిన్న భాగము చేయవలసిన పనిని దాని ప్రక్కనున్న భాగములు కొంతవరకు నేర్చుకొనగలవు. కాని గట్టుమీద ఎవరును నడువకున్న బాట పడదు. అట్లే ఆ చేతిని మరల మరల కదలించుటకు ప్రయత్నింపకున్న మెదడులో క్రొత్త దారి ఏర్పడదు.

ఇది ఊహ కాదు. 1996లో అమెరికా శాస్త్రజ్ఞుడు రాండాల్ఫ్ నూడో, ఆయన సహచరులు కోతులపై చేసిన పరిశోధనలో దీనిని స్పష్టముగా చూపిరి. చేతిని నడుపు మెదడు భాగమున చిన్న దెబ్బ కలిగిన తరువాత అభ్యాసము చేయించిన కోతులలో, దెబ్బకు చుట్టుప్రక్కల మిగిలిన భాగము చేతి పనికి నిలిచియుండెను. కొన్నింటిలో భుజమును, మోచేతిని నడుపు భాగములలోనికి కూడ చేతి పని విస్తరించెను. అభ్యాసము లేని కోతులలో మిగిలియున్న భాగము కూడ చేతి పనిని కోల్పోయెను. అనగా పనిలేక విడిచిన చేయి మరింత చెడునన్నమాట.

అయితే ఎన్నిసార్లు కదలింపవలెను? జంతువులపై జరిగిన ప్రయోగములలో ఒక్కొక్క దినమున వందల సార్లు అభ్యాసము చేయించిరి. మనుష్యుల విషయమున 2009లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, చికిత్సకు వచ్చిన పక్షవాత రోగులు ఒక్కొక్క విడతలో చేతితో చేయు పనులను సగటున 32 సార్లు మాత్రమే చేయుచున్నట్లు తేలినది. అవసరమునకును, జరుగుచున్న దానికిని ఇంత దూరము కలదు. కారణము తెలియనిది కాదు. ఒకే కదలికను వందసార్లు చేయుట మహా విసుగు. చేయి కదలుచున్నదో లేదో రోగికే తెలియదు. ప్రక్కన నిలిచి లెక్కించి సరిదిద్దుటకు చికిత్సకునకు తీరిక యుండదు. ఇంటికి వచ్చిన పిమ్మట పదిరోజులు చేసి మానివేయుదురు. పక్షవాతము నుండి కోలుకొనుట మొదటి మూడు నెలలలో వేగముగా నుండును. పిమ్మట మందగించును గాని బొత్తిగా నిలిచిపోదు. ఆ విలువైన కాలము మంచము మీదనే గడచిపోవుట అనేక కుటుంబములలో జరుగుచున్న నష్టము.

ఈ విసుగును తగ్గించి, అభ్యాసమును పెంచి, తప్పొప్పులను వెంటనే కంటికి చూపుటకే చేర్పు దృశ్యములను ఉపయోగింప మొదలిడిరి.

అద్దముతో ఆరంభము

కంటికి చూపించి మెదడును నమ్మించవచ్చునని మొదట నిరూపించినది ఖరీదైన యంత్రము కాదు, సామాన్యమైన అద్దము. తమిళనాడులో జన్మించి అమెరికాలో పనిచేసిన నాడీశాస్త్రజ్ఞుడు వి. ఎస్. రామచంద్రన్ 1990ల నడుమ ఈ పద్ధతిని కనుగొనెను.

చేయి లేక కాలు తీసివేయబడిన వారిలో చాలమందికి ఆ లేని అవయవము ఇంకను ఉన్నట్లే తోచును. అంతేకాదు, అందు మంట, పోటు, పిడికిలి బిగిసికొనిపోయినట్టి బాధ కలుగుచుండును. లేని చేతికి మందు రాయుటెట్లు? దీనిని గూర్చి ఇరుగుపొరుగువారితో చెప్పిన మతి చలించినదందురేమోయని రోగులు దాచుకొందురు. ఇది మతి చలించుట కాదు. అమెరికా అంతర్యుద్ధములో గాయపడిన సైనికులను పరీక్షించిన వైద్యుడు సైలస్ వీర్ మిచెల్ 1871లోనే ఈ అవస్థకు పేరు పెట్టి వర్ణించెను. చేయి పోయినను, మెదడులో దాని స్థానము పోలేదు. అది ఆజ్ఞలను పంపుచునే యుండును, బదులు మాత్రము రాదు.

రామచంద్రన్ రోగి ఎదుట అద్దమును నిలువుగా నిలిపి, మంచి చేతిని అద్దమునకు ముందు వైపునను, లేని చేతిని వెనుక వైపునను ఉంచునట్లు చేసెను. రోగి అద్దములోనికి చూడగా, మంచి చేతి ప్రతిబింబము లేని చేతి స్థానమున కనబడును. రెండు చేతులను కలిపి తెరచినట్లు భావించి కదలింపగా, బిగిసిన పిడికిలి విడిపోయినట్లు కొందరికి తోచి బాధ తగ్గెను. తరువాత ఇదే పద్ధతిని పక్షవాత రోగులకు కూడ వాడిరి. 2018లో ప్రకటింపబడిన ఒక సమీక్ష, 1,982 మంది పాల్గొన్న 62 పరిశోధనలను పరిశీలించి, అద్దపు చికిత్సను ఇతర చికిత్సతో పాటు చేయించిన యెడల పక్షవాత రోగుల చేతి కదలిక మెరుగుపడుచున్నదని తేల్చినది.

కాని అద్దమునకొక లోపము కలదు. అందు కనబడునది మంచి చేతి నీడయే. చెడిన చేయి ప్రయత్నించినను, ప్రయత్నింపకున్నను నీడ ఒకే విధముగా కదలును. రెండు చేతులను పోగొట్టుకొన్న వారికి అద్దము పనికిరాదు. ఈ లోపమును తీర్చుటకే చేర్పు దృశ్యము ముందునకు వచ్చినది.

చేర్పు దృశ్యమనగా నేమి?

దూరదర్శినిలో క్రికెట్ చూచువారికి ఇది కొంత పరిచయమైనదే. బంతి ఆటగాని కాలికి తగిలినపుడు, అది అడ్డుపడకున్న వికెట్లకు తగిలియుండెడిదా లేదా అని తెరపై ఒక రంగుగీత గీసి చూపుదురు. మైదానము నిజము, ఆటగాడు నిజము, గీత మాత్రము యంత్రము చేర్చినది. నిజముతో పాటు లేనిదానిని ఉన్న చోటనే ఉన్నట్లుగా చూపుట దీనిలోని కిటుకు.

దీనికి సోదర విద్యయైన వర్చువల్ రియాలిటీలో కండ్లను పూర్తిగా మూసివేయు తొడుగు పెట్టి, కేవలము కల్పిత లోకమునే చూపుదురు. అందు రోగికి తన చేయి తనకు కనబడదు. చేర్పు దృశ్యములో నట్లు కాదు. గది, బల్ల, చెంబు, తన సొంత చేయి, అన్నియు కనబడుచునే యుండును. నిజమైన చెంబును పట్టుకొని దాని బరువును, చల్లదనమును తెలిసికొనుచునే అభ్యాసము చేయవచ్చును.

తలకు తగిలించుకొను తెరను 1968లోనే అమెరికాలో ఐవన్ సదర్లాండ్ నిర్మించెను. ఆగ్‌మెంటెడ్ రియాలిటీ అను పేరు 1990 ప్రాంతమున విమానములు తయారుచేయు బోయింగ్ సంస్థలో పనిచేసిన టామ్ కాడెల్ పెట్టినది. విమానములో వందల తీగలను ఏ వరుసలో కలుపవలెనో పనివారికి కండ్లయెదుట చూపవలెననునది ఆనాటి ఉద్దేశము. పనివానికి దారి చూపిన విద్యయే నేడు రోగికి దారి చూపుచున్నది.

ఈ సాధనములో మూడు భాగములుండును. చూచుటకు కెమెరా, లెక్క కట్టుటకు కంప్యూటరు, చూపుటకు తెర. తెర మూడు విధములు. ఒకటి, రోగి ఎదుట నిలిపిన పెద్ద తెర. అందు రోగి తన్ను తాను అద్దములో వలె చూచుకొనును. రెండు, కండ్లకు పెట్టుకొను జోడు. మూడు, పైనుండి బల్లపై గాని నేలపై గాని బొమ్మలను వెలుతురుతో వేయు పరికరము.

స్వీడన్ దేశపు ప్రయోగము

ఈ విషయమున ఎక్కువగా చెప్పుకొనదగినది స్వీడన్ దేశములో గోథెన్‌బర్గ్ నగరమందలి చాల్మర్స్ సాంకేతిక విశ్వవిద్యాలయములో జరిగిన పని. మాక్స్ ఓర్టిజ్ కటలాన్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును చేయి తెగిన వారి బాధను పోగొట్టుటకు ఈ క్రింది ఏర్పాటు చేసిరి.

తెగిన చేతి మొదలుపై చిన్న చిన్న విద్యుద్గ్రాహకములను అంటించుదురు. రోగి లేని చేతిని ముడువవలెనని తలచినపుడు, మిగిలియున్న కండరములలో అతి స్వల్పమైన విద్యుత్తు పుట్టును. దానిని ఆ గ్రాహకములు పట్టి కంప్యూటరునకు అందించును. కంప్యూటరు ఆ విద్యుత్తు తీరును బట్టి రోగి పిడికిలి ముడువ తలచెనా, మణికట్టు త్రిప్ప తలచెనా అని గుర్తించును. ఎదుటి తెరపై సాధారణ కెమెరా రోగి రూపమును చూపుచుండగా, తెగిన చోట ఒక కల్పిత చేయి అతికి కనబడును. రోగి తలచినట్లెల్ల ఆ చేయి కదలును. అద్దములో వలె మంచి చేతి నీడ కాదు. తన ప్రయత్నమునకు తగిన ఫలమే కంటి ముందు కనబడును. పిదప అదే చేతితో తెరమీద కారు నడుపు ఆటలాడింతురు. చూపిన భంగిమకు చేతిని సరిపెట్టుమందురు.

2014లో ఈ బృందము 48 సంవత్సరములుగా ఇట్టి బాధ ననుభవించుచున్న ఒక వృద్ధుని విషయము ప్రకటించెను. అతనికి ఇతర చికిత్సలు పనిచేయలేదు. ఈ పద్ధతితో బాధ తగ్గెను. 2016లో 14 మంది రోగులతో జరిపిన పరీక్ష ఫలితములను లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించినది. వీరందరును ఇతర చికిత్సల వలన గుణము కనబడని దీర్ఘరోగులే. 12 విడతల చికిత్స తరువాత, బాధను కొలుచు పద్ధతిని బట్టి, సగటున మూడవ వంతు నుండి సగము వరకు తగ్గుదల కనబడెను. ఆరు నెలల తరువాత పరీక్షించినను ఆ మేలు నిలిచియుండెను.

ఇట పాఠకులు ఒక విషయము గమనింపవలెను. 14 మంది కొద్దిమంది. వారితో పోల్చి చూచుటకు వేరు చికిత్స పొందిన మరియొక జట్టు ఆ పరీక్షలో లేదు. కావున ఇది ఆశ కల్పించు ఫలితమే గాని, తుది తీర్పు కాదు. శాస్త్రము ఇట్లే అడుగడుగునను పరీక్షించుకొనుచు ముందునకు పోవును.

పక్షవాత రోగికి దిద్దుబాటు

చిన్నతనమున మనకు అక్షరములు నేర్పిన తీరు జ్ఞాపకము చేసికొనుడు. గురువు పలకపై అక్షరము వ్రాసి యిచ్చును. శిష్యుడు దానిపైననే మరల మరల దిద్దును. చేతికి దారి కంటి ముందే యుండుటచేత వ్రేళ్లు ఆ వంపులకు అలవాటు పడును. చేర్పు దృశ్యము పక్షవాత రోగికి ఇట్టి దిద్దుబాటు పలక వంటిది.

రోగి బల్లముందు కూర్చుండును. బల్లపై ఒక నిజమైన గ్లాసు, దానికి జానెడు దూరములో వెలుతురుతో వేసిన ఒక వలయము. గ్లాసును ఆ వలయములో నుంచవలెను. చేయి పోవలసిన దారి గీతగా కనబడును. దారి తప్పిన యెడల గీత రంగు మారును. సరిగా ఉంచిన వెంటనే గుర్తు వచ్చి, లెక్క పెరుగును. అలవడిన కొలది వలయము దూరముగా జరుగును. అలసిన యెడల దగ్గరకు వచ్చును. నిన్న ఎన్నిసార్లు చేసెనో, నేడెన్నిసార్లు చేసెనో లెక్క నిలిచియుండును. ఆటలో పడి రోగి విసుగు మరచును.

మరియొక లాభము కలదు. చేయి చాచలేని రోగి తెలియకయే నడుమును ముందునకు వంచి వస్తువును అందుకొనును. పని అయినట్లు కనబడును గాని, చేయి నేర్చుకొనినదేమియు లేదు. కెమెరా భుజమును, నడుమును కూడ చూచుచుండుటచేత ఈ లోపమును పట్టి, నిటారుగా కూర్చుండుమని హెచ్చరింపగలదు.

ఇక దీని ఫలమెంత? చేర్పు దృశ్యమునకు సోదర విద్యయైన వర్చువల్ రియాలిటీని గూర్చి ఎక్కువ పరీక్షలు జరిగియున్నవి. 2,470 మంది పాల్గొన్న 72 పరీక్షలను పరిశీలించి 2017లో ప్రకటించిన ఒక సమీక్షలో రెండు సంగతులు తేలినవి. మామూలు వ్యాయామ చికిత్స మాని దాని బదులు యంత్రపు ఆట లాడించిన యెడల చేతికి అదనముగా కలిగిన మేలు లేదు. మామూలు చికిత్సకు తోడుగా ఆడించి, అభ్యాసపు కాలమును పెంచిన యెడల మాత్రము మేలు కనబడినది. దీని భావము స్పష్టము. మేలు చేయునది యంత్రము కాదు, అభ్యాసము. అభ్యాసము పెరుగుటకు యంత్రము సాయపడినంత వరకే దానికి విలువ.

నేలపై గీతలు

కంపవాతమని మనవారు పిలుచు పార్కిన్సన్ వ్యాధిని 1817లో ఇంగ్లాండులో జేమ్స్ పార్కిన్సన్ అను వైద్యుడు వర్ణించెను. ఈ వ్యాధి గల వారిలో కొందరికి నడచుచుండగా పాదములు నేలకు అతుకుకొన్నట్లు హఠాత్తుగా ఆగిపోవును. గడప వద్ద, మలుపుల వద్ద, ఇరుకు చోట్ల ఇది అధికము. ముందుకు వంగిన శరీరము సాగును, పాదము సాగదు, ఫలితము పడిపోవుట. ముసలివారికి తుంటి ఎముక విరిగిన కలుగు కష్టము అందరెరిగినదే.

ఆశ్చర్యమేమనగా, చదునైన నేలపై అడుగు వేయలేని ఈ రోగియే మెట్లు ఎక్కగలడు; నేలపై అడ్డముగా గీతలు గీసిన వాటిని దాటుచు నడువగలడు. అలవాటుగా నడచుటకు మెదడులో నొక మార్గము, కంటితో చూచి అడుగు వేయుటకు మరియొక మార్గము ఉండుటయే దీనికి కారణమని శాస్త్రజ్ఞులు వివరింతురు. మొదటిది చెడినను రెండవది పనిచేయును. దీనిని ఆధారము చేసికొని, రోగి ఎక్కడకు పోయిన అక్కడ నేలపై గీతలు కనబడునట్లు చేయు కండ్లజోళ్లను తయారుచేసి, నెదర్లాండ్స్ మొదలగు దేశములలో పరీక్షించుచున్నారు. కదలు పట్టీపై నడచు యంత్రములపై వెలుతురుతో అడుగుల గుర్తులను, అడ్డంకులను వేసి నడక నేర్పు పద్ధతి కూడ కలదు. ఈ గీతలు అందరికి ఒకే విధముగా ఉపకరింపలేదు. కొందరికి నడక సులువైనది, కొందరికి మార్పు కనబడలేదు.

అయినను ఇందుండి మన ఇండ్లకు పనికివచ్చు సంగతి యొకటి కలదు. కండ్లజోడు లేకున్నను గీతలు గీయవచ్చును. గడప వద్దను, మరుగుదొడ్డి దారియందును, రోగి అడుగునకు అడుగునకు నడుమ నుండు దూరమును బట్టి ఎడమిచ్చి రంగుతో అడ్డగీతలు వేసిన యెడల కొందరు రోగులకు అడుగు సాగును. ముగ్గుపిండి జారును గనుక రంగే మేలు. చికిత్సకుని అడిగి, రోగికి ఉపకరించునో లేదో చూచి, పిదప వేయవలెను.

హద్దులు తెలిసికొనుట

క్రొత్త వస్తువు వచ్చినపుడు దానితో పాటు గొప్పలు కూడ వచ్చును. కావున దీని హద్దులను తెలిసికొనుట ముఖ్యము.

మొదటిది ఖర్చు, నిలకడ. ఈ రంగములో ఎక్కువగా వాడిన మైక్రోసాఫ్ట్ వారి హోలోలెన్స్ అను జోడు రెండవ నమూనా 2019లో వచ్చినపుడు 3,500 డాలర్ల వెల పలికెను. దాని బరువు 566 గ్రాములు. 2024లో దాని తయారీ నిలిపివేసిరి. 2010లో వచ్చి అనేక చికిత్సాలయములలో వాడబడిన కినెక్ట్ కెమెరా తయారీ 2017లో నిలిచిపోయినది. పరికరములు వచ్చి పోవుచుండును. చెడిన యెడల బాగుచేయువారెవరు, ఐదేండ్ల తరువాత విడిభాగములు దొరకునా అని విచారింపక కొన్న యంత్రము గదిలో దుమ్ము పట్టును. మరియొక వంక, సాధారణ సెల్‌ఫోను కెమెరాయే నేడు మోకాలు, మోచేయి, భుజము వంటి కీళ్ల కదలికను గుర్తింపగలిగి యుండుట వలన, రాబోవు కాలమున ఈ విద్య తక్కువ వెలకు అందవచ్చునను ఆశ కలదు.

రెండవది, అందరికిని తగదు. జోడు పెట్టుకొనిన కొందరికి తలతిరుగుడు, వికారము కలుగును. చూపు మందగించిన వారికి, మతిమరపు ముదిరిన వారికి, మూర్ఛలు గల వారికి వైద్యుని సలహా లేక వాడరాదు. నడక అభ్యాసమునందు ప్రక్కన మనిషి లేకున్న పడిపోవు ప్రమాదము కలదు.

మూడవది, ఇది మనిషికి బదులు కాదు. మన దేశములో ఈ చికిత్సకు పునాది వేసినది యంత్రములు కావు. 1954లో జరిగిన రోడ్డు ప్రమాదములో నడుము క్రింద చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్, చక్రముల కుర్చీలో కూర్చుండియే శస్త్రచికిత్సలు చేసి, 1966లో వేలూరున పునరుద్ధరణ చికిత్సాలయము నెలకొల్పుటకు కారకురాలయ్యెను. 1968లో జయపురమున డాక్టర్ పి. కె. సేథీ, శిల్పియైన రామచంద్ర శర్మ కలసి, చెప్పులు లేక పొలములో నడచుటకును, బాసిపట్లు వేసికొని కూర్చుండుటకును అనువైన కృత్రిమ పాదమును రూపొందించిరి. ఊరి అవసరమును బట్టి సాధనము పుట్టవలెను గాని, సాధనమును బట్టి అవసరమును కల్పించుకొనరాదు.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు

ఇంత దూరపు విద్యతో గ్రామ పంచాయతీకి పనియేమియని కొందరడుగవచ్చును. రాజ్యాంగము 11వ షెడ్యూలులోని 29 విషయములలో ఆరోగ్యము, వికలాంగుల సంక్షేమము చేరియున్నవి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించి, ప్రభుత్వములతో పాటు స్థానిక సంస్థలు కూడ తమ ఆర్థిక శక్తి మేరకు పునరుద్ధరణ సేవలను చేపట్టవలెనని చెప్పుచున్నది. కావున ఇది పరుల పని కాదు, మన పనియే.

మొదటిది, కాలము పోకుండ చూచుట. మూతి వంకర పోవుట, ఒక చేయి పడిపోవుట, మాట తడబడుట, వీనిలో ఏది హఠాత్తుగా కనబడినను వెంటనే 108 వాహనమును పిలువవలెను. ఈ సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదున ఆరంభమై దేశమంతట వ్యాపించినది. రక్తపు గడ్డను కరగించు మందు లక్షణములు కనబడిన నాలుగున్నర గంటలలోపల, మెదడును స్కానింగు తీసిన తరువాత, తగిన రోగులకు మాత్రమే ఇత్తురు. నాటు మందులకును, పసరులకును ఆ గంటలు వ్యర్థము చేసిన యెడల పిమ్మట ఏ యంత్రమును ఆ నష్టమును పూడ్చలేదు.

రెండవది, ఇంటికి చేరిన రోగిని మరువకుండుట. గ్రామములో పక్షవాతము వచ్చినవారు, అవయవము కోల్పోయినవారు ఎందరున్నారో ఆశా కార్యకర్త సాయముతో ఒక పట్టిక వ్రాసి, ప్రతి గ్రామసభకు ముందు దానిని సరిచూచుట మంచిది. వారిలో ఎందరు వ్యాయామము చేయుచున్నారు, ఎందరు మానివేసిరి, ఎందుకు మానిరి అని విచారింపవలెను. పడిపోయిన చేతిని పట్టి లాగి రోగిని లేపరాదని, అందువలన భుజపు కీలు చెడునని ఇంటివారికి తెలియజేయవలెను.

మూడవది, చికిత్సకునితో కలుపుట. ఫిజియోథెరపీ విభాగము గల ప్రభుత్వ ఆసుపత్రి ఏది, అది ఏ దినములలో పనిచేయును అను వివరములు పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించవచ్చును. 2019లో ఆరంభమైన ఈ-సంజీవని ద్వారా గ్రామపు ఆయుష్మాన్ ఆరోగ్య మందిరము నుండియే దూరపు వైద్యుని సలహా పొందవచ్చును. అర్హులైన వారికి సదరం లేక యు.డి.ఐ.డి. ధ్రువపత్రము ఇప్పించుట, కృత్రిమ అవయవముల శిబిరములకు పంపుట సభ్యుల చొరవపై ఆధారపడియుండును.

నాలుగవది, మోసమునుండి కాపాడుట. యంత్రముతో పక్షవాతము పదిరోజులలో మాయమగునని చెప్పువారు వచ్చిన యెడల మూడు ప్రశ్నలు వేయుడు. దీనిని నడుపు చికిత్సకుని అర్హత యేమి? గుణమును ఎట్లు కొలిచి చూపుదురు? మామూలు వ్యాయామమును మానుమనుచున్నారా? మానుమన్నచో వారిని నమ్మరాదు. ఫిజియోథెరపీ వృత్తిని క్రమపరచుటకు 2021లో పార్లమెంటు ఒక చట్టము చేసియున్నది. అర్హత అడుగుట అమర్యాద కాదు, హక్కు.

ఐదవది, నేడే చేతనైనది చేయుట. చేర్పు దృశ్యము మన ఊరికి వచ్చుటకు కాలము పట్టవచ్చును. దానికి మూలమైన అద్దము మాత్రము ప్రతి ఇంటిలో కలదు. చికిత్సకుడు ఒకమారు చూపిన పిదప, తగిన రోగికి ఇంటి అద్దముతోనే అభ్యాసము చేయింపవచ్చును. లెక్కించుటకు కంప్యూటరు లేకున్నను, బడికి పోవు మనుమడు గింజలు ప్రక్కకు తీయుచు తాత ఎన్నిసార్లు గ్లాసును ఎత్తెనో లెక్కింపగలడు. నిన్నటి కంటె నేడు పది గింజలు ఎక్కువైన, ఆ ముసలివాని ముఖమున వచ్చు వెలుగే రేపటి అభ్యాసమునకు బలము.

కల్వర్టు తిరిగి కట్టించుట పంచాయతీకి అలవాటైన పని. మనిషి మెదడులో తెగిన దారిని మరల వేయుటలో కూడ పంచాయతీకి పాత్ర కలదని గుర్తింపవలెను. ఆ దారి రోగి ఒక్కనివలన పడదు. ఇంటివారు, చికిత్సకుడు, ఆశా కార్యకర్త, ఊరి పెద్దలు కలసి నడిపించిననే పడును. రాబోవు గ్రామసభలో, మన ఊరిలో మంచము పట్టినవారెందరు, వారిలో లేచి నడువగలవారెందరు అను ప్రశ్నను సభ్యులు మొదటగా వేయుదురు గాక.